ఇస్సాకు ఏం చేసి కొడుకయ్యాడు?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె. మా తాతగారి తాత గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం తీసుకున్నాడని ఇంట్లో చెబుతారు. నేను 14వ ఏట బాప్తిస్మం పొందాను. ఇప్పుడు 28. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం. ఇక్కడ ఒక ప్రార్థన గుంపులో చేరాను. "14 ఏళ్ళకు నీకేం తెలుసు? అది లెక్కలోకి రాదు, మళ్ళీ తీసుకో" అంటున్నారు. అన్యభాషలు (ప్రార్థనలో ఆత్మ పలికిస్తుందనే తెలియని భాషలు) రాలేదు కాబట్టి ఆత్మ ముద్ర నా మీద పడలేదట. రెండేళ్ళుగా ఒక నోట్‌బుక్‌లో ప్రార్థన చేసిన నిమిషాలు, చదివిన అధ్యాయాలు, శుక్రవారం ఉపవాసాలు రాసుకుంటున్నాను. ఈ మధ్య 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టి 9వ రోజు కళ్ళు తిరిగి పడిపోయి ఆపేశాను. అప్పటినుంచి దేవుడు నన్ను వదిలేశాడేమోనని భయం. నాలుగు నెలలుగా సంఘంలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకోలేదు. ఇంతలో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయివాళ్ళూ క్రైస్తవులే. ఫోన్‌లో మొదట అడిగిందే "మీరు ఏ క్రైస్తవులు?" అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంతకీ నేనెవరిని?

జవాబు: సహోదరీ, ముందు మీ ఆరోగ్యం సంగతి. రాత్రంతా మేలుకొని పనిచేసే మనిషి 9 రోజులు ఉపవాసం ఉంటే కళ్ళు తిరుగుతాయి. అది శరీర ధర్మం, అందులో దేవుని కోపం వెతకవద్దు. చచ్చిపోతాను ప్రభువా అని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయాకు దూత ముందు పెట్టింది రొట్టె, నీళ్ళు. అదీ రెండుసార్లు లేపి తినిపించాడు (1 రాజులు 19). ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్ళి హిమోగ్లోబిన్, షుగర్, బీపీ చూపించుకోండి. మిగిలిపోయిన 12 రోజులు దేవునికి బాకీ ఉన్నానన్న లెక్క మాత్రం పెట్టుకోకండి.

ఇక మీ ప్రశ్న. ప్రార్థన గుంపువాళ్ళు మీరేం చేశారో అడుగుతున్నారు. పెళ్ళివారు మీరు ఎవరికి పుట్టారో అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలూ గలతీయ సంఘాల్లోకి ఒక్కసారే వచ్చాయి. యేసును నమ్మితే చాలదు, సున్నతి పొందాలి, ధర్మశాస్త్రం పాటించాలి, అప్పుడే అబ్రాహాము ఇంటివాళ్ళవుతారు అని కొందరు వచ్చి బోధించారు. ఇప్పటి టర్కీలో ఉన్న ఆ సంఘాలకు పౌలు రాసిన ఉత్తరం మొత్తం దీనికి జవాబే. ఒక్క మాటలో ఆయన చెప్పింది 4:28లో ఉంది: మనం ఇస్సాకులా వాగ్దానాన్నిబట్టి పుట్టిన పిల్లలం. పౌలు ఇస్సాకునే ఎందుకు ఎంచుకున్నాడో చూస్తే మీ భయంలో సగం తీరిపోతుంది. అందుకే ఇక్కడ కాస్త నిలబడదాం.

అబ్రాముకు 75 ఏళ్ళప్పుడు పిలుపు వచ్చింది (తర్వాత దేవుడు అతని పేరు అబ్రాహామని, భార్య శారయి పేరు శారా అని మార్చాడు). నిన్ను గొప్ప జనంగా చేస్తానని దేవుడన్నాడు. కనానులో పదేళ్ళు గడిచాయి, ఒడిలో బిడ్డ లేదు. శారయి తన దాసి హాగరును ఇచ్చింది. అబ్రాముకు 86 ఏళ్ళప్పుడు ఇష్మాయేలు పుట్టాడు. అది అవిశ్వాసంతో చేసిన పని అనిపించదు, పైకి చూస్తే సాయం చేసినట్టే ఉంటుంది. దేవుడు మాట ఇచ్చాడు, నెరవేరడం లేదు, మనవంతు మనం చేద్దాం అన్న తొందర అది. తర్వాత 13 ఏళ్ళు బైబిలు ఏమీ చెప్పదు. 99 ఏళ్ళప్పుడు దేవుడు మళ్ళీ మాట్లాడాడు. శారాకు బిడ్డ పుడతాడనగానే అబ్రాహాము నవ్వాడు, కొన్నాళ్ళకు గుడారం గుమ్మం దగ్గర వింటూ శారా కూడా నవ్వింది. ఆయనకు 100, ఆమెకు 90 ఏళ్ళ వయసులో పుట్టిన బిడ్డకు నవ్వు అన్న అర్థంతోనే ఇస్సాకు అని పేరు పెట్టారు.

ఇప్పుడు చెప్పండి, ఇస్సాకు ఏం చేసి కొడుకయ్యాడు? పుట్టకముందే పేరు, స్వాస్థ్యం, నిబంధన అన్నీ అతని కోసం చెప్పేశారు (ఆదికాండము 17:19). అతను చేయగలిగిందల్లా పుట్టడం, పాలు తాగడం, పాలు విడిచిన రోజున జరిగిన విందులో కూర్చోవడం. పెద్దయ్యాక గెరారులో భయపడి భార్యను చెల్లెలని అబద్ధమాడాడు, అచ్చం తండ్రిలాగే (26:7). ఆ తప్పుకు అబీమెలెకు చేత మాట పడ్డాడు గానీ, కొడుకు కాకుండా పోలేదు. మీ నోట్‌బుక్ లాంటిది ఇస్సాకు రాసుకుని ఉంటే అందులో గెరారు పేజీ కూడా ఉండేది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. హాగరు, ఇష్మాయేలు కథను పౌలు ఉపమానంగా వాడాడు. దాన్ని పట్టుకుని ఏ మనుషుల్నీ తక్కువ చేయడానికి వీల్లేదు. ఎడారిలో పొద కింద ఆ పిల్లవాడు ఏడిస్తే విన్నది, తల్లికి నీళ్ళ ఊట చూపించింది ఆ దేవుడే (21:17-19).

ఆదికాండము 15వ అధ్యాయం మన కూటాల్లో తక్కువ వినిపిస్తుంది. మీకు ఇప్పుడు అన్నిటికన్నా అవసరమైంది అదే. ఇది నిజమని నాకెలా తెలుస్తుంది అని అబ్రాము అడిగాడు. దేవుడు మూడేళ్ళ పెయ్యను, మేకను, పొట్టేలును, ఒక గువ్వను, ఒక పావురపు పిల్లను తెమ్మన్నాడు. అబ్రాము పక్షుల్ని తప్ప మిగతావాటిని నిలువునా ఖండించి ఎదురెదురుగా పెట్టాడు. ఆ కాలంలో నిబంధన చేసుకునేవాళ్ళు ఆ ఖండాల మధ్య నడిచేవాళ్ళు. మాట తప్పితే నా గతీ ఇదే అని దానర్థం, యిర్మీయా 34:18లో ఆ ఆచారం కనిపిస్తుంది. మామూలుగా అయితే అబ్రాము కూడా నడవాలి. కానీ ఆ తర్వాత అతను చేసిందల్లా ఆ కళేబరాల మీద వాలే గద్దల్ని తోలడం. పొద్దు గుంకేసరికి గాఢనిద్ర పట్టింది. చీకట్లో పొగ లేచే పొయ్యి, మండే జ్వాల మాత్రం ఆ ఖండాల మధ్య దాటిపోయాయి. మాట ఇచ్చినవాడు ఒక్కడే నడిచాడు, మాట అందుకున్నవాడు నిద్రలో ఉన్నాడు. వాగ్దానం ఎంత గట్టిదన్నది అబ్రాము మెలకువ మీద ఆధారపడలేదు. షిఫ్ట్ నుంచి వచ్చి బైబిలు తెరిచి నిద్రపోయినందుకు మీరు నోట్‌బుక్‌లో ఎన్ని సున్నాలు వేసుకున్నారో నాకు తెలియదు. ఆ సున్నాల పక్కన ఈ అధ్యాయం పెట్టి చదవండి.

పౌలు దీన్నే ఆస్తి భాషలో చెబుతాడు. మనుషుల మధ్య స్థిరపరచిన ఒడంబడికనే ఎవరూ కొట్టివేయరు, కొత్త షరతులు కలపరు (గలతీ 3:15). తండ్రి రాసి రిజిస్టరు చేసిన వీలునామాలో ఆయన పోయాక పిన్నిగారో బాబాయిగారో వచ్చి, రోజూ నాలుగింటికి లేస్తేనే పొలం నీది అని ఒక లైను రాస్తే చెల్లుతుందా? ధర్మశాస్త్రం వాగ్దానం తర్వాత 430 ఏళ్ళకు వచ్చింది కాబట్టి అది వాగ్దానాన్ని మార్చలేదన్నది పౌలు వాదన. మోషే ధర్మశాస్త్రానికే లేని ఆ అధికారం మీ ప్రార్థన గుంపు పెట్టిన నియమాలకు ఎక్కడిది?

అయితే వాగ్దానం అన్న మాట దగ్గరే మనవాళ్ళకు ఒక చిక్కుంది. మన సంఘాల్లో వాగ్దానం అంటే డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ట్రేలోంచి తీసుకునే కార్డు. దానిమీద ఒక వచనం, వెనక ఒక పువ్వు బొమ్మ. ఆ కార్డు బైబిల్లో పెట్టుకుంటే తప్పేమీ లేదు, వచనం వచనమే. కానీ అదే మనకు వాగ్దానానికి అర్థమైపోతే, ఏడాదికొకసారి చీటీ తీసినట్టు ఎవరి అదృష్టం వాళ్ళదవుతుంది. డిసెంబర్ వచ్చేసరికి అది జరగకపోతే నా విశ్వాసమే చాలలేదని మనిషి కుంగిపోతుంది. ఆ కార్డుల్లో తరచూ కనిపించే యిర్మీయా 29:11 చూడండి. సమాధానకరమైన ఉద్దేశాలే అన్న ఆ మాట బబులోనుకు చెరపోయిన జనానికి చెప్పింది. దానికి పై వచనంలోనే 70 ఏళ్ళు అని గడువు ఉంది. విన్నవాళ్ళలో చాలామంది తిరిగొచ్చే రోజు చూడకుండానే పోయి ఉంటారు. అయినా అది వాళ్ళకు ఇచ్చిన మాటే. పౌలు చెప్పే వాగ్దానం కార్డు మీద సరిపోదు. దేవుని మాటలన్నీ క్రీస్తులో అవును అయ్యాయి (2 కొరింథీ 1:20), ఆయనకు చెందినవాళ్ళు ఆ మాటలకు వారసులు (గలతీ 3:29). మీకు వచ్చింది ఉద్యోగం గురించిన చీటీ కాదు, ఇంటిపేరు.

ఆత్మ ముద్ర గురించి. ఎఫెసీ 1:13-14 తెరవండి. అక్కడి వరస ఇది: సువార్త విన్నారు, నమ్మారు, వాగ్దానం చేయబడిన ఆత్మచేత ముద్రించబడ్డారు. మధ్యలో ఇంకో మెట్టు లేదు. 14వ వచనంలో "సంచకరువు" అన్న మాట ఉంది. చాలామంది దాన్ని చదివేసి వెళ్ళిపోతారు, ఇప్పుడు వాడుకలో లేదు కదా. ఇల్లో స్థలమో కొనేటప్పుడు ఇచ్చే బయానా అది. బయానా ఎవరిస్తారు? కొనేవాడు. మొత్తం ఇస్తాను, ఈ స్థలం ఇక నాది, ఇంకెవరికీ అమ్మొద్దు అని తన డబ్బు ముందు పెట్టి తన్ను తాను కట్టేసుకుంటాడు. దేవుడు మిమ్మల్ని కొనుక్కుని తన ఆత్మను బయానాగా ఇచ్చాడు. మీరేమో రెండేళ్ళుగా ఆయనకు ఎదురు బయానా కట్టాలని చూస్తున్నారు.

అన్యభాషల వరం ఉన్నవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలే అడిగాడు (1 కొరింథీ 12:30), లేదన్న జవాబు ఆశించే అడిగాడు. పిల్లలకు ఆత్మ ఇచ్చే మాట ఏదో రోమా 8:15లో, గలతీ 4:6లో స్పష్టంగా ఉంది: అబ్బా, తండ్రీ. కళ్ళు తిరిగి పడిపోయిన రోజు మీరు ఎవర్ని పిలిచారో గుర్తు తెచ్చుకోండి.

మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా? అక్కర్లేదు. 14వ ఏట క్రీస్తును ఒప్పుకుని, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో నీళ్ళలోకి దిగారు. అప్పటికి ఎంత అర్థమైందన్నది కొలత కాదు. 40 ఏళ్ళ పెద్దలకూ ఆ రోజు అంతా అర్థమై ఉండదు. అపొస్తలుల కార్యాల్లో రెండోసారి బాప్తిస్మం పొందినవాళ్ళు ఎఫెసులోని సుమారు పన్నెండుమంది మాత్రమే కనిపిస్తారు (19:1-7), వాళ్ళు మొదట తీసుకున్నది యోహాను బాప్తిస్మం. శిశు బాప్తిస్మం విషయంలో సంఘాలకు భేదాభిప్రాయాలున్నాయి, ఆ వాదం మీకు వర్తించదు. అబ్రాహాము నీతిమంతుడిగా ఎంచబడింది 15వ అధ్యాయంలో, సున్నతి గుర్తు వచ్చింది 17వ అధ్యాయంలో, మధ్య కనీసం 13 ఏళ్ళు. గుర్తు మాట వెనక నడుస్తుంది. కొత్త అనుభవం వచ్చినప్పుడల్లా గుర్తు మళ్ళీ వేయించుకుంటే, పాత మాట చెల్లలేదని మీరే సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

నోట్‌బుక్‌ను ఏం చేయాలో చెబుతాను. చింపేయమనను. అట్ట మీద తేదీ వేసి 28 రోజులు అమ్మ దగ్గరో స్నేహితురాలి దగ్గరో ఉంచండి. ఆ 28 రోజులు పూట ఏదైనా సరే, పది నిమిషాలు. షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చి టిఫిన్ తిన్నాక అయితే మేలు. ఖాళీ కడుపుతో, నిద్ర కళ్ళతో చదివితే ప్రతి వచనమూ తిట్టులా వినిపిస్తుంది. మొదటి వారం గలతీ పత్రిక. మొత్తం 6 అధ్యాయాలు, 149 వచనాలు. సెలవు రోజున ఒక్క కూర్చున్నపాటున పైకి చదివితే 20, 25 నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజుల్లో అధ్యాయం చొప్పున. రెండో వారం ఆదికాండము 12, 15, 16, 17, 18, 21, రోజుకొకటి, ఏడో రోజు విరామం. మూడో వారం రోజూ ఎఫెసీ 1:3-14 మాత్రమే. గ్రీకులో ఈ 12 వచనాలూ కలిపి ఒకే వాక్యం. "క్రీస్తునందు", "ఆయనయందు" వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. నాలుగో వారం రోమా 4, 8.

చదివేటప్పుడు పెన్సిల్‌తో ఇంకో పని చేయండి. మన తెలుగు బైబిల్లో దేవుడు చేస్తానన్నవి చేసెదను, ఇచ్చెదను, చేయుదును అని ఎక్కువగా "-దను", "-దును"తో ముగుస్తాయి. వాటి కింద గీత. మనల్ని చేయమన్నవి చేయుడి, వెళ్లుము అని ఉంటాయి, వాటి చుట్టూ సున్నా. "యెడల" అన్న షరతు కనిపిస్తే పక్కన చుక్క. ఆదికాండము 12లో పిలుపు మాటలకు ఇలా గుర్తులు పెట్టండి, సున్నాలెన్ని, గీతలెన్ని, చుక్కలెన్ని అన్నది మీ కళ్ళే చెబుతాయి. షరతులున్న చోట్లు కూడా బైబిల్లో ఉన్నాయి, వాటిని దాటేయకండి. పిల్లలైనవాళ్ళతో ఆ ఇంట్లో ఎలా బతకాలో చెబుతున్న చోట్లా, బయటివాళ్ళు ఇంట్లోకి ఎలా రావాలో చెబుతున్న చోట్లా అన్నది గమనించండి. ఎక్కువచోట్ల మొదటిదే.

చాలామంది ఎక్కడ జారుతారో చెప్పాలి. మూడో రోజో ఎనిమిదో రోజో ఒక పూట తప్పుతుంది. మర్నాడు రెండు రోజులది కలిపి చదువుతారు. అంతే, పది నిమిషాల చదువు కూడా పాత నోట్‌బుక్ అయిపోతుంది. తప్పిన రోజు తప్పిపోయినట్టే, మర్నాడు ఆ రోజుది మాత్రమే చదవండి. రెండో జారుడు ఇంకోవైపు. వాగ్దానమే కదా, ఎలా ఉంటే ఏం అనుకోవడం. గలతీ 5:13 దానికి అడ్డుకట్ట వేసింది. ఉపవాసం, ప్రార్థన, పాపాన్ని ఒప్పుకోవడం, ఇవన్నీ ఉండాలి. కొడుకు తండ్రితో మాట్లాడటం లాంటిది ప్రార్థన, కొడుకుగా ఉండటానికి కట్టే ఫీజు లాంటిది కాదు. ఆరోగ్యం కుదిరాక ఒక పూట ఉపవాసం చేయాలనిపిస్తే నీళ్ళు తాగుతూ చేయండి, ఎక్కడా రాయకండి.

ఇక "మీరు ఏ క్రైస్తవులు?" అన్న ప్రశ్న. మన పెళ్ళి ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కన కులం పేరు లేనిది అరుదు. ఇది మన సంఘాల గాయం, దాన్ని సంప్రదాయమని పిలవడం నాకు ఇష్టం లేదు. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి తింటూ ఉండి, యెరూషలేమునుంచి కొందరు రాగానే పక్కకు తప్పుకున్నాడు. పేతురు బోధ మారలేదు, కూర్చునే బల్ల మారింది, అంతే. దానికే పౌలు అందరి ముందు ఎదిరించాడు (గలతీ 2:11-14). యూదుడని గ్రీసుదేశస్థుడని లేదన్న 3:28 వచనానికి ముందు వచనం బాప్తిస్మం గురించినది. అంటే బాప్తిస్మానికే ఆ అర్థం ఉంది.

మీ తాతగారి తాత సంగతి చరిత్రలో ఉన్నదే. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో వేలమంది మాదిగలకు, ఇతర పేదలకు మిషనరీ జాన్ క్లౌ పని ఇప్పించారు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు ముగిసేదాకా బాప్తిస్మాలు ఆపారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేని మనుషులు వాళ్ళలో ఎక్కువమంది. పుట్టుకతో ఊరు ఇచ్చిన పేరు కాకుండా దేవుడు ఇచ్చిన పేరు ఉందని విని ఆ నీళ్ళలోకి దిగారు. వాళ్ళలో ఒకరి మనుమడి మనుమరాలు మీరు. ఆ వంశం దేవుని దయకు సాక్ష్యం, గౌరవంగా చెప్పుకోండి. మీరు దేవుని బిడ్డ కావడం మాత్రం మీ తాతగారి తాత బాప్తిస్మం ద్వారా రాలేదు, రక్తంవలన పుట్టినవారు కారని యోహాను 1:13 చెబుతుంది.

పెళ్ళివారికి కులం దాచకండి, తల దించుకుని చెప్పకండి. సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులు ఎస్సీ జాబితాలోకి రారు, కాబట్టి క్రైస్తవులైన ఎస్సీలు, వారి సంతానం మన రెండు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు, అది ప్రభుత్వ లెక్క, ఉద్యోగాలకూ చదువులకూ అవసరమైన కాగితం. ఆపైన అబ్బాయితోనే నేరుగా మాట్లాడి మూడు విషయాలు తెలుసుకోండి. మీ ఊరొచ్చి మీ ఇంట్లో వాళ్ళ పెద్దలు భోంచేస్తారా? పెళ్ళి మీ ఊరి సంఘంలో జరగడానికి ఒప్పుకుంటారా? రేపు బిడ్డ పుడితే అమ్మమ్మ ఊరు పేరు దాచాల్సి వస్తుందా? తల్లిదండ్రుల్ని అడిగి చెబుతానని మూడింటికీ అంటే, ఆ సంబంధం వదులుకోవడమే మంచిది. ఆ అబ్బాయి తానే నిలబడి జవాబు చెబితే ముందుకు వెళ్ళండి.

చివరిగా ప్రభువు బల్ల. "అయోగ్యముగా" తినకూడదన్న 1 కొరింథీ 11:27కు భయపడి నాలుగు నెలలు మానేశారు. ఆ మాట తినే తీరు గురించినది. కొరింథులో కలిగినవాళ్ళు ముందే తినేసి లేనివాళ్ళను ఆకలితో సిగ్గుపరిచారు (11:21-22), అదీ అయోగ్యత. 28వ వచనం పరీక్షించుకుని మానేయమనలేదు, పరీక్షించుకుని తినమంది. ఈ నెల మొదటి ఆదివారానికి సెలవు పెట్టి ఊరికి వెళ్ళండి. శనివారం రాత్రి నిద్రపోండి, పొద్దున ఏదైనా తినండి. మీరు బాప్తిస్మం పొందిన సంఘంలో అమ్మ పక్కన కూర్చుని, రొట్టె మీ వరకు వచ్చినప్పుడు చెయ్యి చాపండి.